పుష్కలం అంటే ఎంత?

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టల్లో ముందుగా కదిలేది కాగితాల కట్ట. ఆహ్వాన పత్రం, పాటల పోటీలో పేర్లు, చందాల పుస్తకం, వీటన్నిటితో పాటు వార్షిక నివేదిక. ఈసారి పీజీ వాళ్లమని నివేదిక రాసే పని మా మీద పెట్టారు. నలుగురం ఒక గదిలో కూర్చుని, పాత నివేదికలు ముందేసుకుని, వాటి దారిలోనే ఒకటి రాసేశాం. బాగానే వచ్చిందనుకున్నాం. అచ్చుతప్పులు చూడమని డిగ్రీ మొదటి సంవత్సరం తమ్ముడి చేతికిచ్చాం. అతను ఒకటిన్నర పేజీ చదివి తలెత్తి, "అన్నా, పుష్కలం అంటే ఎంత?" అన్నాడు.

నవ్వాం. తర్వాత కాగితం వెనక్కి తీసుకుని లెక్కపెట్టాం. ఒకటిన్నర పేజీలో ఏడు పుష్కలాలున్నాయి. నీటి వసతి పుష్కలం, గాలీ వెలుతురూ పుష్కలం, ఆహారం పుష్కలం, గ్రంథాలయంలో పుస్తకాలు పుష్కలం, ఆటవస్తువులు పుష్కలం, ఆవరణలో చెట్ల నీడ పుష్కలం, చివరికి విద్యార్థుల్లో ప్రతిభ కూడా పుష్కలమే. ఇవన్నీ మేం చూసి, కొలిచి రాసినవి కావు. పాత నివేదికల్లో ఉన్నాయి కాబట్టి రాశాం. "ఎంత" అన్న ప్రశ్నకు మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇద్దరం ఎం.ఏ. తెలుగు చదువుతూ ఉండి కూడా లేదు. ఆ సిగ్గు వల్లనే ఈ వ్యాసం పుట్టింది.

ముందు ఆ మాట ఎలా వాడుతున్నామో చూద్దామని ఆ రాత్రి ఒక ఆట ఆడాం. గదిలో ఉన్నవాళ్లం ఒక్కొక్కరం 'పుష్కలంగా' అనే మాటతో ఒక వాక్యం చెప్పాలి. మొదట వచ్చినవన్నీ వార్తాపత్రికల వాక్యాలు. జలాశయాల్లో నీరు పుష్కలంగా ఉంది. పాలకూరలో ఇనుము పుష్కలంగా లభిస్తుంది. ఈ కోర్సు చేసినవారికి ఉద్యోగావకాశాలు పుష్కలం. జామకాయలో సి విటమిన్ పుష్కలం. (ఈ చివరి మాట చెప్పినవాడు జామకాయ తిని ఎన్నాళ్లయిందో అడగొద్దు.) తర్వాత ఇంట్లో మాట్లాడుకునే వాక్యాలు చెప్పమన్నాం. అందరూ ఆగిపోయారు. 'అవ్వా, పుష్కలంగా పెట్టు' అని ఎవరం అనం. 'పొద్దున పుష్కలంగా తిన్న' అనీ అనం. కడుపునిండ తిన్నమంటాం. 'నాకు అన్నం పుష్కలంగా లేదు' అనే మాట అయితే ఎవరి నోటా వినలేదు. తక్కువైతే సాలలేదంటాం, సరిపోలేదంటాం.

ఇదొక విచిత్రం. ఉంది, దొరుకుతుంది, లభిస్తుంది, పండింది అనే క్రియల పక్కన పుష్కలం హాయిగా కూర్చుంటుంది. తిన్నాను, తాగాను అనే క్రియల పక్కకు రావడానికి మొహమాటపడుతుంది. 'లేదు' అన్న మాటతో దానికి అసలు పొత్తే కుదరదు. అంటే ఇవాళ మనం వాడే పుష్కలం గాదె నిండిన సంగతి చెబుతుందే గాని కడుపు నిండిన సంగతి చెప్పదు. పెట్టేవాళ్లూ, రాసేవాళ్లూ, లెక్క చెప్పేవాళ్లూ వాడే మాట అది. తినేవాడి నోట పలకదు.

దాని సహవాసం కూడా కొంచెం పెద్దింటి సహవాసమే. నీళ్లు, పాడి, పంట, పోషకాలు, వనరులు, అవకాశాలు, ఇలాంటి మంచివాటితోనే తిరుగుతుంది. అప్పులు పుష్కలం అనరు, బోలెడు అప్పులంటారు. దుఃఖం పుష్కలం కాదు, పుట్టెడు దుఃఖం. జాతరకు జనం పుష్కలంగా రారు, తండోపతండాలుగా వస్తారు. చెడ్డదాన్ని పుష్కలం అన్నామంటే అది ఎత్తిపొడుపే. మా గదిలో నల్లులు పుష్కలం అని మాలో ఒకడు అన్నప్పుడు పడీపడీ నవ్వడానికి కారణం అదే. ఇంకో సంగతి, 'చాలా పుష్కలంగా' అని రాయడం అనవసరం. పుష్కలంలోనే చాలా ఉంది. మా నివేదికలో అది కూడా ఒకచోట రాశాం.

ఇక పుట్టుక సంగతి. మాట సంస్కృతం నుంచి వచ్చింది. 'పుష్' అనే ధాతువు చుట్టూ ఉన్న కుటుంబం మనకు బాగా తెలిసిందే. పుష్టి, పోషణ, పోషకం, పోషకాహారం అన్నీ ఆ ఇంటివే. నిఘంటువులు పుష్కలాన్ని కూడా ఆ ఇంటికే కలుపుతాయి. పుష్కరం కూడా దానికి దగ్గరి చుట్టమే. పుష్కరమంటే తామర, నీరు, కొలను అని అర్థాలున్నాయి. సంస్కృతం చదివినవాళ్లు ర, ల లకు భేదం లేదని ఒక సూత్రంలాంటి మాట చెబుతుంటారు. మాకు ఆ మాట తెలిసింది పీజీలో. అంతకు పదేళ్ల ముందే తెలిసి ఉంటే ఒక పిల్లవాణ్ని మేం అంతగా ఏడిపించి ఉండేవాళ్లం కాదేమో.

అది 2015 జులై. గోదావరి పుష్కరాల నెల. బృహస్పతి సింహరాశిలోకి వచ్చినప్పుడు పన్నెండేళ్లకోసారి గోదావరికి పుష్కరం వస్తుందనీ, అంతకుముందు 2003లో వచ్చిందనీ బళ్లో చెప్పారు. జులై 14 నుంచి 25 దాకా ఏ బస్సు చూసినా ధర్మపురి, కాళేశ్వరం, బాసర దారిలోనే ఉండేది. అప్పుడు మేం ఎనిమిదో తరగతి. గోదావరికి మరీ దూరం కాని ఊళ్లో ఒక బాలుర హాస్టల్లో ఉండేవాళ్లం. పేరెందుకు గాని, ఇప్పుడున్న ఈ హాస్టల్ కాదు.

ఆ ఏడాది జనవరి నుంచే తెలంగాణలో హాస్టళ్లకు సన్నబియ్యం ఇవ్వడం మొదలైంది. అన్నం నిజంగా మారింది. అంతకుముందు తిన్నవాళ్లకు ఆ తేడా చెప్పనక్కర్లేదు, తినని వాళ్లకు చెప్పినా తెలియదు. అన్నం ఎంతైనా పెట్టేవాళ్లు. కూర మాత్రం ఒక్క గంటె. ఆ గంటెలో కూడా ముక్క వచ్చేది వరుసలో ముందున్నవాడికి, వెనకున్నవాడికి పులుసు. పప్పులో పప్పును వెతకడం మాకొక ఆట.

తనిఖీకి అధికారి వస్తున్నారని ముందు రోజే తెలిసింది. సాయంత్రం మమ్మల్ని వరుసగా నిలబెట్టి, అడిగితే ఏం చెప్పాలో నేర్పించారు. "భోజనం పుష్కలంగా పెడుతున్నారు సార్." పదిసార్లు అనిపించారు. మాలో ఎవరికీ ఆ మాట ఇంట్లో వాడి అలవాటు లేదు. ఎనిమిదో తరగతి వాళ్లం ఎలాగో పలికాం. ఆరో తరగతిలో కొత్తగా చేరిన ఒక చిన్నవాడు మాత్రం చెవిలో రోజూ పడుతున్న మాటనే పట్టుకున్నాడు.

మర్నాడు అధికారి వరుస వెంట నడుస్తూ వచ్చి సరిగ్గా వాడి ముందే ఆగారు. "భోజనం ఎట్లుంది బాబూ?"

"పుష్కరంగా పెడుతుండ్రు సార్."

ఆయన నవ్వేశారు. "అంటే పన్నెండేండ్లకోసారా?"

వరుసంతా నవ్వింది. నేర్పించినవాళ్ల మొహాలు మాడిపోయాయి. వాడికి తప్పేమిటో తెలియదు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన నవ్వడం ఆపి, కొంచెం వంగి, "సరే, నీ మాటల్లో చెప్పు. కడుపు నిండుతున్నదా?" అని అడిగారు.

వాడు కాసేపు ఆలోచించి, "అన్నం నిండుతది సార్. కూర నిండది" అన్నాడు.

ఆయన తన పుస్తకంలో ఏదో రాసుకున్నారు. తర్వాత పది పన్నెండు రోజులు కూర రెండో గంటె వచ్చింది. ఆ తర్వాత మళ్లీ మామూలే. వాణ్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ 'పుష్కరం' అనే పేరు మాత్రం వాడికి అంటుకుంది. పెట్టింది మేమే. మేం పదో తరగతి పూర్తిచేసి బయటికి వచ్చేదాకా వాణ్ని ఆ పేరుతోనే పిలిచాం. రెండో గంటె కూర తిన్న నోళ్లతోనే పిలిచాం.

ఇప్పుడు ఈ మాటకున్న పాత అర్థాలు చూస్తుంటే, ఆ వరుసలో మాటకు దగ్గరగా మాట్లాడింది వాడొక్కడేనేమో అనిపిస్తుంది. అమరకోశం తిరగేస్తే పుష్కలం ఎక్కువ అనే అర్థమిచ్చే మాటల గుంపులో కనిపించలేదు మాకు. అది శ్రేష్ఠం, శ్రేయస్సు అనే మాటల సరసన ఉంది. అంటే చాలా మంచిది, మేలైనది అని. ఎంత ఉందన్నది కాదు, ఎలా ఉందన్నది. సమృద్ధి అన్న అర్థం కూడా సంస్కృతంలో పాతదే, కాదనడం లేదు. అయితే నాణ్యత అనే అర్థం తెలుగుకు వచ్చేసరికి రాలిపోయి, రాశి ఒక్కటే మిగిలింది. నీళ్ల పప్పు గంగాళం నిండా ఉన్నా మనం పుష్కలం అంటాం. అమరకోశం లెక్కన అది పుష్కలం కాదు.

పేర్లలోనూ ఈ మాట ఉంది. రామాయణ కథలో భరతుడి కొడుకుల్లో ఒకడు పుష్కలుడు. అతని పేరనే పుష్కలావతి అనే నగరం వెలిసిందంటారు. గాంధార దేశపు ఆ పాత నగరం శిథిలాలు ఇప్పుడు పాకిస్తాన్‌లోని చార్సద్దా దగ్గరున్నాయి. ఇది ఊరికే చెబుతున్నాం, పోటీ పరీక్షల వాళ్లకు పనికొస్తుందేమో.

అసలు ఆశ్చర్యం మోనియర్ విలియమ్స్ 1899 నాటి సంస్కృత నిఘంటువులో ఎదురైంది. అందులో పుష్కలానికి మామూలు అర్థాలతో పాటు రెండు కొలతలు కూడా ఉన్నాయి. ఒకటి ధాన్యం కొలత. ఎనిమిది పిడికిళ్లు ఒక కుంచి, ఎనిమిది కుంచులు ఒక పుష్కలం. అంటే 64 పిడికిళ్లు. (కుంచి అంటే మన ఊళ్లలో నాలుగు మానికల కుంచం అనుకునేరు, ఇది వేరు.) తమ్ముడు అడిగిన ప్రశ్నకు అచ్చమైన జవాబు దొరికినట్టే కదా! పుష్కలం అంటే ఎంత? 64 పిడికిళ్లు.

దొరికింది కదాని ఊరుకోలేదు. మర్నాడు పొద్దున వంటగదికి వెళ్లి, వంట చేసే అక్కను అడిగి, కూరగాయలు తూచే కాటా మీద పిడికెడు పిడికెడు బియ్యం పోసి చూశాం. మా పిడికిళ్లు 35 గ్రాముల నుంచి 50 గ్రాముల దాకా తూగాయి. కబడ్డీ ఆడేవాడి పిడికిలి అందరికన్నా పెద్దది. 64తో హెచ్చిస్తే రెండుంబావు కిలోలకు కొంచెం తక్కువ నుంచి మూడు కిలోల రెండు వందల గ్రాముల దాకా వచ్చింది. మేం గొప్పగా, "అక్కా, పుష్కలం అంటే ఇన్ని బియ్యం" అన్నాం.

అక్క ఆ బియ్యం వైపు చూసి, "ఎంతమందికి?" అంది.

మా దగ్గర దానికి జవాబు లేదు. ఆమెకు ఉంది. పూటకు మనిషికి ఇన్ని అని చేత్తో చూపించి, ఇవి పదిహేను, పదహారు మందికి వస్తాయి, ఆకలిగొన్న పిల్లలైతే అంతకూడా రావు అని తేల్చేసింది. నిఘంటువులో లేని సంగతి అది. తినేవాళ్లెందరో తెలియకపోతే ఎన్ని పిడికిళ్లు పోసినా పుష్కలమో కాదో చెప్పలేం.

రెండో కొలత ఇంకా చిన్నది. పుష్కలం అంటే నాలుగు ముద్దల భిక్ష అని ఆ నిఘంటువే మరో అర్థం చెబుతుంది. నాలుగే ముద్దలు. గడప ముందు చేయి చాపినవాడికి నాలుగు ముద్దలు పెడితే దాన్ని పుష్కలం అన్నారు. చదివిన వెంటనే మాకు కొంచెం కోపం వచ్చింది. ఇంత పెద్ద మాటకు ఇంత చిన్న ముద్దలా అనిపించింది. మా అవ్వలు 'బుక్కెడు బువ్వ' అంటారే, ఆ లెక్కన నాలుగు బుక్కలు. కానీ ఆలోచిస్తే ఒకటి తోచింది. ఇది పెట్టినవాడి గాదెను బట్టి వేసిన కొలత కాదు. పుచ్చుకున్నవాడి చేతిలో ఎంత పడిందో దాన్ని బట్టి వేసింది.

అలా చూడడం మొదలుపెట్టాక మరికొన్ని మాటలు కూడా అదే వైపు నుంచి పుట్టినట్టు కనిపించాయి. సుభిక్షం అంటే దేశం పచ్చగా ఉండడం అని చదువుకున్నాం. మాటను విడదీస్తే సు, భిక్ష. భిక్ష సులువుగా దొరికే కాలం సుభిక్షం. భిక్ష దొరకడం గగనమైతే దుర్భిక్షం. రాజు ఖజానాలో ఎంతుందని కాదు, అడుక్కునేవాడికి ముద్ద దొరుకుతోందా లేదా అని చూసి ఆ కాలం ఎలాంటిదో చెప్పారు. కరువు అనడానికి మనం దుర్భిక్షం అని ఎన్నో పరీక్షల్లో రాశాం, అందులో భిక్ష ఉందని ఒక్కసారీ గమనించలేదు.

తెలుగు మాటల్లో అయితే ఇది ఇంకా తేటగా ఉంది. మనం రోజుకు వందసార్లు అనే 'చాలా' అనే మాట ఎక్కడిది? 'చాలు' నుంచి వచ్చిందే. చాలినంత, చాలదు, చాలీచాలని జీతం, అన్నీ ఒక్క తల్లి పిల్లలే. ఎక్కువ అని చెప్పడానికి తెలుగువాడు ఎంచుకున్న మాటకు మూలం సరిపోవడం. చాలు అనే హక్కు వడ్డించేవాడికి లేదు, తినేవాడికే ఉంది. మన మెస్సు వరుసలో కంచం మీద చేయి అడ్డం పెట్టి "సాలన్నా" అంటామే, ఆ చేయి అడ్డం పడేదాకా గంటె ఆగకూడదు. కూర దగ్గర ఆ చేయి అడ్డం పడే అవసరం ఎన్నిసార్లు వస్తుందన్నది వేరే సంగతి.

బోలెడు కూడా అలాంటిదే. బోలె అంటే గిన్నెలాంటి పాత్ర. చెంబు నిండితే చెంబెడు, గంప నిండితే గంపెడు, దోసిలి నిండితే దోసెడు, అలాగే బోలె నిండితే బోలెడు. చెంబు, గంప ఇంకా మన కళ్ల ముందున్నాయి కాబట్టి చెంబెడు అంటే ఎంతో తెలుసు. బోలె ఇళ్లలోంచి పోయింది, కొలత పోయింది, బోలెడు మాత్రం లెక్కలేనంత అయి కూర్చుంది. పుట్టెడులో పుట్టి ఇరవై తూముల కొలత. అంత ధాన్యం ఇంట్లో ఎన్నడూ చూడని వాళ్లు కూడా దుఃఖాన్ని మాత్రం పుట్టితోనే కొలుచుకున్నారు.

మా ఇళ్లల్లో ఎక్కువ అనడానికి మస్తు, దండి అంటారు. మస్తు ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, అక్కడ దానికి మత్తెక్కినవాడని అర్థం. మన దగ్గరికి వచ్చేసరికి మత్తు దిగి ఎక్కువ మిగిలింది. దండి తెలుగు మాటే. రాయలసీమ మిత్రులు కూడా దండిగా అంటారు. ఇంటర్‌లో ఉన్నప్పుడు మా ఊరి చెరువు మీద వ్యాసం రాస్తూ 'వానకాలం చెరువుల నీళ్లు దండిగ ఉంటయి' అని రాశాం. దిద్దిన కాగితం చేతికొచ్చేసరికి దండిగ మీద ఎర్ర గీత, పైన 'పుష్కలంగా' అని ఉంది. మార్కులు కూడా పోయాయి. అప్పటినుంచి కాగితం మీద దండి రాయాలంటే చేయి వణికేది. పుష్కలం రాస్తే ఎవరూ గీత పెట్టరు. మా నివేదికలో ఏడుసార్లు రావడానికి ఆ ఎర్ర గీత కూడా ఒక కారణమని ఇప్పుడు అనుకుంటున్నాం. తప్పులేని మాట దొరికితే దాని వెనక దాక్కోవడం మనలాంటి మొదటి తరం చదువుకు అలవాటు. దండి గ్రాంథికానికి పనికిరాదంటే ఒప్పుకుంటాం, తెలుగుకు పనికిరాదంటే ఒప్పుకోం.

ఇదే మాట గురించి మా బాపు అడిగిన ప్రశ్న ఒకటుంది. ఆయనకు చదువు రాదు. సెలవులకు పోయినప్పుడు హోటల్ దగ్గర పేపర్ పైకి చదివి వినిపించమనేవాడు. వానకాలం ఒకరోజు, ప్రాజెక్టులో నీళ్లు పుష్కలంగా ఉన్నాయని వార్త వచ్చింది. చదివాం. బాపు చాయ గ్లాసు కింద పెట్టి, "పుష్కలమంటె మనదాంక వస్తయా?" అన్నాడు. మేం కౌలుకు చేసే పొలం కాలువ చివరన ఉంటుంది. పైన ఊళ్లు తడిసి, మడులు నిండి, మిగిలితే మా తూముకు వస్తాయి. పేపర్లో అది రాయలేదని చెప్పాం. "మరి ఏం రాసిండ్రు?" అని మళ్లీ చాయ తాగాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు, మేం కూడా నవ్వాం. తమ్ముడు 'ఎంత' అన్నప్పుడు, అక్క 'ఎంతమందికి' అన్నప్పుడు మాకు గుర్తొచ్చింది ఆ 'మనదాంక వస్తయా' అన్న మాటే.

ఈ గొడవంతా అయ్యాక మళ్లీ నివేదిక ముందు కూర్చున్నాం. ఏడు పుష్కలాలనూ ఒక్కొక్కదాన్నీ పిలిచి విచారించాం. నీటి వసతి దగ్గర 'పుష్కలం' కొట్టేసి, ఎన్ని కుళాయిలున్నాయో, ఎందరికో, పొద్దున ఎన్ని గంటలకు నీళ్లు ఆగిపోతాయో రాశాం. గ్రంథాలయం దగ్గర పుస్తకాల లెక్క తీశాం. అందులో సగం పాత సిలబస్‌వి కాబట్టి అదీ రాశాం. ఆటవస్తువుల దగ్గర రాయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఆహారం దగ్గర చాలాసేపు వాదించుకున్నాం. మాలో ఒకడు, 'పుష్కలం' తీసేస్తే పెద్దలకు కోపమొస్తుందన్నాడు. ఇంకొకడు, డైట్ చార్జీల అంకెలే రాద్దామన్నాడు. 2024లో తెలంగాణ ప్రభుత్వం వాటిని పెంచింది. 3 నుంచి 7వ తరగతి వాళ్లకు నెలకు 950 రూపాయలున్నది 1330, 8 నుంచి 10వ తరగతి వాళ్లకు 1100 ఉన్నది 1540, ఇంటర్ నుంచి పీజీ దాకా 1500 ఉన్నది 2100 అయ్యింది. మన లెక్క 30 రోజులకు భాగిస్తే రోజుకు 50 రూపాయలు కాస్తా 70 అయినట్టు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం, రాత్రి భోజనం, గుడ్డు, పాలు, అన్నీ అందులోనే. పెరిగింది నిజం, పెరిగాక కూరలో తేడా కనిపించిందన్నదీ నిజం. అయితే బయట హోటల్లో ఒక పూట భోజనం ధర తెలిసినవాడు 70 రూపాయలను పుష్కలం అని రాయలేడు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం కూడా పుష్కలంగా పెడతామనలేదు. తగినంత పరిమాణంలో, నాణ్యమైన ఆహారం, కొనగలిగే ధరకు అందాలన్నదే దాని ఉద్దేశం. తగినంత, నాణ్యమైన అనే ఆ రెండూ కలిస్తే మన 'చాలు', అమరకోశపు 'పుష్కలం' పక్కపక్కన నిలబడ్డట్టు అనిపించింది మాకు. చివరికి ఆహారం పేరాలో అంకెలే పెట్టి, కింద ఒక్క వాక్యం రాశాం. అన్నం నిండుతోందనీ, కూర విషయంలో రెండో గంటె అడిగినవారికి లేదనకుండా ఉండేలా మెస్ కమిటీ చూడాలనీ.

ఆ వాక్యం రాస్తున్నప్పుడు ఆరో తరగతి పిల్లవాడు గుర్తొచ్చాడు. ఇప్పుడు వాడికి ఇరవై దాటి ఉంటుంది. ఎక్కడ చదువుతున్నాడో, అసలు చదువుతున్నాడో లేదో తెలియదు. ఈ సంచిక పాత మిత్రుల చేతుల మీదుగా ఎక్కడెక్కడికో పోతుందని విన్నాం. వాడి చేతికే అందితే, ర కూ ల కూ పెద్ద భేదం లేదట తమ్ముడూ.

వార్డెన్ సార్ కొత్త నివేదిక చదివి, "ఇదేంది, మరీ లెక్కల పుస్తకంలా ఉంది" అన్నారు. అని, సంతకం పెట్టారు. ఏడింటిలో రెండు పుష్కలాలు మాత్రం కొట్టేయలేదు. ప్రతిభ దగ్గరున్నదాన్ని తీయడానికి మాకే మనసొప్పలేదు. చెట్ల నీడ దగ్గరున్నదాని మీద ఎవరికీ అభ్యంతరం లేదు. బావి దగ్గరి వేపచెట్టు కింద మధ్యాహ్నం ఎందరు కూర్చున్నా ఇంకొకరికి చోటుంటుంది. నల్లుల సంగతి నివేదికలో రాయలేదు.